ఇస్త్రీ పెట్టె వైరు, మూడు గజాలు

మా నాయనను గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా తమ్ముడి కొడుకు శీను అడిగిన రోజు నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. శీను చెడ్డవాడు కాదు. ఆదోనిలో మా నాయన పెట్టిన కరెంటు సామాన్ల అంగడిని, మా తమ్ముడు పోయాక, అద్దాల తలుపులు పెట్టించి తనే నడుపుకొస్తున్నాడు. అంగడి పెట్టి అరవై ఏళ్ళవుతోందని ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి రైతులకూ, మేస్త్రీలకూ, కంపెనీల వాళ్ళకూ పంచుతాడట. దానికి పేరు కూడా పెట్టేశాడు, ‘మాట తప్పని అంగడి’ అని. నేను కడపలో ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని, అప్పుడప్పుడూ పత్రికలకు ఏదో ఒకటి గిలికి పంపుతుంటాను. కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఆ రోజు పొద్దున్నే కారు దిగి, స్వీట్ల డబ్బా నా చేతిలో పెట్టి, చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

“తాత గురించి నీకు తెలిసినంత ఇంకెవురికి తెలుసత్తా? ఆ కోసిగి రైతుది ఎలకలు కొరికిన వైరు మార్చిచ్చినాడంటనే, అది మటుకు తప్పకుండా రాయి. మా నాయన చెప్పి చెప్పి నా చెవులు తూట్లు పడిండాయి.”

ఆ కథ ఆదోని బజారులో సగం మందికి తెలుసు. కోసిగి వైపు రైతు ఒకడు పశువుల కొట్టంలో బల్బు వేసుకోవడానికి మా అంగట్లో వైరు కొనుక్కుపోయి, శెనక్కాయల మూటల పక్కన పెట్టుకున్నాడు. ఎలకలు కొరికేశాయి. మొహం వేలాడేసుకుని ఆ చుట్ట తెచ్చి ముందర పెడితే, మా నాయన ఒక్క మాట అనకుండా కొత్త వైరు కోసి ఇచ్చాడు. తప్పు రైతుది, నష్టం మాది, అయినా నాయన మొహం మీద చిరునవ్వు చెరగలేదని చెప్పుకుంటారు. అది నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను ఆ రోజు అక్కడే బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ ఉన్నాను. ఆ కథకు రెండో సగం ఉందని, ఆ కొరికిన వైరు ఆ తరువాత ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదని నాకు తెలుసు. అందుకే కాఫీ పెట్టడానికి లేచాను.

ఇంతలో శీను సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. పాతకాలపు బిస్కెట్ల డబ్బా. పైనా పక్కలా మేకుతో పొడిచిన చిల్లులు. ముందువైపు గుండ్రంగా కోసి, పెరుగు ముంత మూతంత రేకు గొట్టంలో ఒక భూతద్దం బిగించారు. కింద చెక్క పీట. “అటక దులిపిస్తాంటే పత్తిగింజల కుండలో దొరికిందత్తా. ప్రొజెక్టరంట. తాత చేతుల్తో చేసిందని కింద రాసి ఫోటో ఏస్తాం” అన్నాడు.

“తాత చేసినాడని నీకు ఎవరు చెప్పినారు?”

“ఎవురు చెప్పల్లత్తా? మనింట్లో ఇంకెవురు చేస్తారు అట్లాంటివి?”

అది చేసింది నీ పెద్దత్తరా, రుక్మిణి, పదహారేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, అని అరవాలనిపించింది. అరవలేకపోయాను. డబ్బా లోపల బల్బు హోల్డరుకు ఇంకా జానెడు వైరు ముక్క వేలాడుతోంది. దాని మీద నల్ల టేపు. యాభై ఏళ్ళు దాటినా ఆ టేపును నేను గుర్తుపట్టాను. ఇక శీను దాని మీద ఇంకో మాట అన్నాడు. వాడి కూతురు హారిక తొమ్మిదో తరగతి. బళ్ళో ఎగ్జిబిషనుకు అట్లాంటిదే ఒకటి చేస్తోందట, ఈ డబ్బా చూశాకే ఆ పిచ్చి పట్టిందట. రేకు డబ్బా, పెద్ద హాలోజన్ బల్బు, భూతద్దం, అన్నీ కుదిరాయట. “వైరు?” అని అడిగాను. “గోడౌన్లో ముక్కలుండ్లా, అవే ఇచ్చినా. ఇంటికే కదత్తా. పెద్దత్తకు మటుకు చెప్పొద్దన్నాం, ఊరికే గాబరా పడ్తాదని” అన్నాడు.

ఇంటికే కదా. ఆ రెండు మాటలు మళ్ళీ వింటానని నేను అనుకోలేదు. “ముందు ఫోను చెయ్యి. పాపను ప్లగ్గు పెట్టొద్దని చెప్పు. నేను వచ్చేదాకా ఆ డబ్బా ముట్టొద్దను” అన్నాను. వాడు నవ్వబోయి, నా మొహం చూసి ఫోను తీశాడు. కాఫీ తాగకుండానే ఇల్లు తాళం పెట్టి వాడి కారెక్కాను. అటక మీది పాత డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాను. తాడిపత్రి దాటేదాకా శీను ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. గుత్తి కోట కనిపించేసరికి నేను పూర్తిగా ఆ పాత ఇంట్లోకి పోయాను.

అంగడి ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక తలుపు. ముందర కొత్త వైరు కట్టల రబ్బరు వాసన, మోటార్ల గ్రీజు వాసన, వెనక ఉడుకుతున్న సంగటి వాసన. ఆ తలుపు దాటి ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువుకూ ఒక అర్హత ఉండేది. అది అమ్ముడుపోనిదై ఉండాలి. రెక్క వంకరైన ఫ్యాను, పగిలిన టార్చి, మినుకుమినుకుమనే బల్బు, ఎవరో వాపసు ఇచ్చిన స్విచ్చి. కరెంటు సామాన్ల శెట్టి ఇంట్లో ఒక్క కొత్త స్విచ్చి లేదంటే ఇప్పటి వాళ్ళు నమ్మరు. వంటింటి స్విచ్చిని మా అమ్మ పుల్లతో నొక్కేది, చేత్తో నొక్కితే జిల్లుమనేది కాబట్టి. ఎవరైనా చుట్టాలు అదేంటమ్మా అంటే, “ఇంటికే కదా” అని అమ్మే సర్దిచెప్పేది. మంచిది బజారుకు, మిగిలింది ఇంటికి. మాకు అది పిసినారితనం అనిపించలేదు. వ్యాపారస్థుల ఇళ్ళలో అది మర్యాద. కొత్త సరుకును ఇంట్లో వాడుకోవడం దేవుడి ప్రసాదాన్ని ముందే ఎంగిలి చేసినంత తప్పుగా చూసేవాళ్ళు. తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది, కానీ ఆ రోజుల్లో నేనూ దాన్ని గర్వంగానే చెప్పుకునేదాన్ని.

నాయన ప్రతి రైతుకూ వైరుతోపాటు ఒక పాఠం చెప్పి పంపేవాడు. మోటారు దగ్గర గుంత తవ్వు, కమ్మీ పాతు, ఉప్పూ బొగ్గులూ వెయ్యి, మన నేల ఎండు నేల కాబట్టి వారానికో కడవ నీళ్ళు పొయ్యి, లేకుంటే ఎర్తు పని చెయ్యదు, ప్రాణం పోతాది. రైతులు బుద్ధిగా తలలూపి వెళ్ళేవాళ్ళు. మా ఇంటికి మాత్రం ఎర్తు గుంత లేదు. మా జేజి, అంటే నాయన తల్లి, ముక్కుపొడుం పట్టించుకుంటూ తీర్పు చెప్పేసింది, “మనుషులు తాగనీకె నీళ్ళు లేవు, మన్నులోని కమ్మీకి పొయ్యాల్నా?” అని. మూడు నాళ్ళకొకసారి వీధి కొళాయి వచ్చే ఊరు. పెరట్లో చేతి బోరింగు ఉండేది కానీ, పది బిందెలకు కొట్టినంత కొడితే ఒక బిందె వచ్చేది. జేజిని నేను తప్పు పట్టను. తెలియక అన్నది. తెలిసినవాడు అంగట్లో కూర్చుని ఉన్నాడు.

అక్క అప్పుడు పదో తరగతి. నాకు పదకొండేళ్ళు. వాళ్ళ బడికి ఏదో శాఖ వాళ్ళు వ్యానులో వచ్చి దోమలను గురించి గోడ మీద బొమ్మలు చూపించారట. పిల్లలంతా గోడను చూస్తుంటే అక్క వెనక్కి తిరిగి మిషన్నే చూసిందట. ఇక అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. బిస్కెట్ల డబ్బా జేజి దగ్గర కొట్టేసింది. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ముసలి సాయిబు పగిలిన పెట్టెలోంచి ఒక భూతద్దం ఏరి ఇచ్చి, “వైరు మంచిది ఎయ్ బేటీ. డబ్బా గరమ్ అవుతాది, పైన బట్ట అల్లిక ఉండాల” అన్నాడు. మధ్యాహ్నం నాయన భోంచేసి కునుకు తీసే వేళ అక్క అంగట్లోకి జారుకుని, తెంపిన వైరు ముక్కలన్నీ ఏరుకొచ్చి నన్ను ముందర కూర్చోబెట్టుకుని బ్లేడుతో ఒలిచి చూపేది. ఇదిగో, ఇది బెల్లుకు వేసేది, వెంట్రుకంత పోగు, ఇది కాదు. ఇది బల్బుకు వేసే మెలిక వైరు, రెండే పోగులు, పైన వట్టి రబ్బరు, వేడికి కరుగుతుంది, ఇదీ కాదు. ఇది చూడు, ఇస్త్రీ పెట్టె వైరు. పైన గుడ్డ అల్లిక, లోపల మూడు పోగులు. ఎరుపు, నలుపు, పచ్చ. ఆ పచ్చది డబ్బాకు కట్టి, రెండో కొస పెరట్లో బోరింగు పైపుకు కడతాను. ఎప్పుడైనా డబ్బాలోకి కరెంటు దిగినా అది నేలలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది, మనకేం కాదు. పదహారేళ్ళ పిల్ల, ఎవరూ నేర్పకుండా, ఇంత ఆలోచించింది. నేను ఆ తరువాత ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అంత సూటిగా ఎర్తు వైరు సంగతి నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

పెద్ద పిల్ల అయ్యింది కాబట్టి అక్క మనుషులున్నప్పుడు అంగట్లోకి పోకూడదు. నా చేతికి చీటీ రాసి ఇచ్చింది. ‘ఇస్త్రీ పెట్టె వైరు, మూడు గజాలు’ అని. నేను పోయేసరికి ఆ కోసిగి రైతు కొరికిన చుట్ట తెచ్చి ముందర పెడుతున్నాడు, ఆ పని తేలేదాకా బల్ల ఎక్కి కూర్చున్నాను. చివరికి రైతు కొత్త వైరు చంకన పెట్టుకుని నాయనకు దండం పెట్టాడు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా నాయనను మెచ్చుకుంటున్నారు. నాయన మొహం వెలిగిపోతోంది. చీటీ తీసుకుని నలుగురికీ వినపడేట్టు చదివాడు. “మా ఇంట్లో ఇంజనీరమ్మ ఉండాదప్పా! ఇస్త్రీ పెట్టె వైరు కావాల్నంట!” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఎలకలు కొరికిన చుట్ట అప్పటికి బల్ల కిందకు కూడా పోలేదు. నాయన దాన్నే తీసి, మూడు గజాలు కొలిచి, రాగి కనపడుతున్న చోట్ల నాలుగు తావుల నల్ల టేపు చుట్టాడు. రెండు పోగుల మెలిక వైరు. “ఇంటికే కదా. అక్క అడిగితే ఏం చెప్తావు?” అన్నాడు. నేను టేపు మీద వేలు పెట్టి చూశాను. “మూడు పోగులది అయిపోయిందను. ఇది కొత్తదేను, ఎండకు పైన రబ్బరు మెత్తబడిందని నాయన టేపు చుట్టినాడని చెప్పు” అన్నాడు. ఒక పెద్ద పని నాకు అప్పగించినందుకు ఎంత పొంగిపోయానో. గోడకు ఇస్త్రీ పెట్టె వైరు కట్ట నిండుగా వేలాడుతూనే ఉంది. దాని కిందుగానే నడిచి ఇంట్లోకి వచ్చాను.

అక్క ఆ వైరును తిప్పి తిప్పి చూసింది. టేపు ఏమిటని అడిగింది. నేను అప్పజెప్పాను. “నాయన కొత్తదన్యాడా? ఆయన నోటితోనే అన్యాడా?” అని రెండుసార్లు అడిగింది. నేను ఔనన్నాను. కోసిగి నుంచీ, మంత్రాలయం నుంచీ ఎవరెవరో వచ్చి ఆ నోటి మాట మీద వైరు కొనుక్కుపోతుంటే, సొంత కూతురు నమ్మకుండా ఎట్లా ఉంటుంది? మూడో పోగూ, గుడ్డ అల్లికా లేవు కాబట్టి రబ్బరు కరగకుండా వేడి తగ్గించాలని, డబ్బాకు ఇంకా కొన్ని చిల్లులు పొడుచుకుంది. ఆ సుత్తి చప్పుడుకు జేజి సాయంత్రమంతా తిట్టింది.

ఆదివారం మధ్యాహ్నం నడిమింటి కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడకు నాయన పంచె వేలాడదీసింది. అమ్మ, జేజి, పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు, నేను. గాజు పలకల మీద నల్ల సిరాతో బొమ్మలు తనే గీసింది. మొదటి బొమ్మ తలకిందులుగా పడితే అందరూ కిలకిలా నవ్వారు. రెండోది మా జేజి మొహం, ముక్కుపొడుం పట్టిస్తూ. గోడ నిండా తన ముక్కు చూసుకుని జేజి, “వోసి దీన్ని తగలెయ్య! నా ముక్కు ఇంత ఉండాదా?” అని పొర్లి పొర్లి నవ్వింది. అక్క మొహం చీకట్లో సరిగ్గా కనపడలేదు, కానీ ఆమె నవ్వు వినిపించింది. ఆ తరువాత ఆ నవ్వును మేమెవరమూ వినలేదు. మూడో బొమ్మ మార్చబోతుంటే తారు కాలిన వాసన వచ్చింది. అక్క “అందరూ వెనక్కి జరగండి” అంటూ డబ్బాను పక్కకు జరపబోయింది. ఆమె కుడి చెయ్యి డబ్బాకు అతుక్కుపోయింది.

అమ్మ మీద పడబోతే జేజి ఒక్క తోపు తోసింది. వంటింట్లోకి పరిగెత్తి సంగటి కెలికే కట్టె తెచ్చి, వైరు కింద దూర్చి, గోడలోంచి ప్లగ్గును పెరికేసింది. చదువు లేని మనిషికి చెయ్యి పెట్టకుండా కట్టెతో పెరకాలని ఎట్లా తోచిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అక్క కింద పడింది. అరచెయ్యి కాలిన వాసన నేను ఇక్కడ రాయను. నాయన అంగట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు ఆయన మొదట చేసిన పనిని నేను ఒక్కదాన్నే చూశాను. కూతురి దగ్గరకు పోలేదు. జేబులోంచి కటింగ్ ప్లేయరు తీసి, వైరును డబ్బా అంచు దగ్గర కత్తిరించి, గబగబా చుట్ట చుట్టి జేబులో దోపుకున్నాడు. ఆ తరువాతే వంగి అక్కను ఎత్తుకున్నాడు. గుమ్మంలో జనం మూగారు. అంతమంది ముందర నా వైపు తిరిగి, “కొత్త వైరే కదా నేనిచ్చి పంపింది?” అన్నాడు.

నేను తల ఊపాను. మాట కూడా కాదు. ఒక్క తల ఊపు.

అంతే, కథ కుదిరిపోయింది. శెట్టి కొత్త వైరే ఇచ్చాడు. డబ్బాలో పెట్టి ఉడకబెడితే ఏ వైరైనా ఏం చేస్తుంది? ఆడపిల్లకు కరెంటుతో ఆటలేంది? అక్క కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకుపోయి మళ్ళీ చాచుకోలేదు. పరీక్ష రాయలేకపోయింది, బడి మానిపించారు. అంతటితో ఆగినా బాగుండేది. రెండేళ్ళు తిరక్కుండా, రైతుల కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టే పని వెనక వసారాలో ఆమెకే అప్పజెప్పారు. కరెంటుతో ఆడపిల్లకు పనేమన్న నోటితోనే, “రుక్మీ, ఈ మోటారు రేప్పొద్దుటికి కావల్ల” అని. మిగిలిన మూడు వేళ్ళతో, పైకి చుట్లు ఎంచుకుంటూ, ముప్పై ఏళ్ళు చుట్టింది. ఆమె చుట్టిన మోటారు మళ్ళీ కాలి వాపసు రాలేదు. బయట మాత్రం గుంతకల్లు మేస్త్రీ చుట్టాడని చెప్పేవాళ్ళు. నన్నేమో కడప పంపి చదివించారు. ఆ తల ఊపుకు దక్కిన చదువు అని నాకు తెలుసు, నాయనకూ తెలుసు. మేమిద్దరం ఆయన పోయేదాకా దాని మాట ఎత్తలేదు.

అక్క ఏనాడూ ఎవరినీ ఏమీ అనలేదు. నేను సెలవులకు పోయినప్పుడు ఎప్పుడైనా ఆ మాట వస్తే, “నాదే తప్పు. బొక్కలు సాలలే. ఇంగో నాలుగు పొడిచింటే గాలి ఆడుతుండె” అనేది. లెక్క తప్పిన పిల్ల లాగా అనేది. నేను అన్నం కలుపుకుంటూ వినేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నోరు తెరవనందుకు నన్ను ఏ కట్టెతో కొట్టినా తప్పు లేదు.

మధ్యాహ్నం మూడింటికి ఆదోని చేరాం. హారిక నా కోసం గుమ్మంలోనే ఉంది, మూతి ముడుచుకుని. లోపలికి పోయి ఆ పిల్ల డబ్బా చూశాను. తెల్లగా మెరిసే వైరు, మూడు ముక్కలు కలిపి అతికించింది. బ్లేడు తీసుకుని కొస ఒలిచి లోపలి తీగను గీకాను. ఎర్రటి పూత లేచిపోయి కింద తెల్లటి అల్యూమినియం బయటపడింది. ఆ రోజుల్లో కనీసం లోపలిది రాగి. ఇప్పుడు ఎలక కొరికే పని కూడా లేదు, కొరికేసినట్టే తయారుచేసి, మీద రాగి పూత పూసి, మంచి అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. ప్లగ్గుకు మూడు కాళ్ళున్నాయి. విప్పి చూస్తే మూడోదానికి ఏ వైరూ లేదు. “ఇది ఎవరు కొనరని గోడౌన్లో పడేసినావు కదా?” అని శీనును అడిగాను. వాడు తల గోక్కున్నాడు. మేస్త్రీలు వాపసు ఇచ్చిన సరుకట.

అక్క వెనక వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటాయి, చూపు మందగించింది. హారిక కూడా నా వెంటే వచ్చింది, శీనూ వచ్చాడు. నేను ఆ పాత డబ్బాను అక్క ఒళ్ళో పెట్టాను. ఎడమచేత్తో తడిమింది. గుర్తుపట్టింది. నేను లోపల చెయ్యి పెట్టి ఆ జానెడు వైరు మీది టేపును గోటితో లాగాను. పొరలు పొరలుగా ఊడొచ్చింది. రబ్బరు మీద ఎలక పళ్ళ గాట్లు, వరసగా, ఇప్పుడే కొరికినంత స్పష్టంగా ఉన్నాయి. అక్క వేలిని తీసుకుని వాటి మీద పెట్టాను. “కోసిగి రైతు వాపసిచ్చిన వైరక్కా. నాయన టేపు చుట్టి నా చేత పంపినాడు. కొత్తది గోడకు వేలాడుతూనే ఉండె” అన్నాను.

అక్క వేలితో ఆ గాట్లను ఒక్కొక్కటే కొసదాకా తడుముకుంటూ పోయింది. “అయితే బొక్కలు సాలినాయి” అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. “నీకు అప్పుడే తెలుసునా?” అని అడిగింది. అప్పుడే తెలుసన్నాను. తలుపు వైపు తిరిగి, “పాపా, నా చెయ్యి పట్టుకో” అని లేచింది. నన్ను పట్టుకోనివ్వలేదు.

ఆ నడిమి తలుపు దాటి అక్క అంగట్లోకి వచ్చింది. గిరాకీలు ఇద్దరు ముగ్గురున్నారు, జీతగాళ్ళున్నారు. గోడకు వరసగా పెట్టిన కట్టలను చేత్తో తడుముతూ పోయింది. “మూడు పోగులది, వేడికి ఆగేది, యాడుండాదిరా?” అంది. శీను పరిగెత్తుకొచ్చాడు. “అత్తా, అది షోరూమ్ కట్ట, దాన్ని కొయ్యగూడదు. నేను లోపల చూసి ఇంగోటి ఇస్తా, ఇంటికే కదా...” అంటూ మధ్యలోనే ఆగిపోయాడు. నా మొహం చూశాడో, ఆమె ముడుచుకున్న వేళ్ళు చూశాడో నాకు తెలియదు.

“ఇంటికే. అందుకే దీంట్లోనే కొయ్యి. మూడు గజాలు” అంది అక్క.

శీను కోశాడు. ఆ కొసను అక్క తన చేత్తోనే ఒలిచి, బ్లేడుతో పైపొర గీకి, నాలుక్కు ఆనించుకుని, రాగి అని నమ్మకం కుదిరాక హారికకు ఇచ్చింది. డబ్బా అంచు కోసుకోకుండా రబ్బరు వాషరు ఎట్లా పెట్టాలో, పచ్చ పోగు డబ్బాకు ఎక్కడ బిగించాలో ఆ పిల్లకు చెప్పింది. “ఎర్తు గుంత యాడుండాది?” అని శీనును అడిగింది. చాలా ఏళ్ళ తరువాత మా తమ్ముడు అంగడికి కొత్త మీటరు వేయించినప్పుడు తవ్వించాడు, కానీ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. చివరికి ఒక ముసలి జీతగాడు చూపించాడు. దాని మీద పాలరాయి పరిచేశారు. అక్క ఎత్తించింది. లోపల మట్టి నెర్రెలు విచ్చి ఉంది. హారిక చేత ఒక కడవ నీళ్ళు పోయించింది, అవి బుసబుసమంటూ ఇంకిపోయాయి, ఇంకో కడవ పోయించింది. ఆ పని అయ్యేదాకా అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ సాయంత్రం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం కూడా వేరుగా తినింది.

మర్నాడు పొద్దున నేను బస్సుకు బయల్దేరుతుంటే మంచం మీద నుంచే పిలిచింది. క్షమించానని అంటుందేమోనని సిగ్గు లేకుండా ఆశపడి దగ్గరికి పోయాను.

“పుస్తకంలో రాస్తాండావంటనే.”

“నువ్వు వద్దంటే రాయనక్కా.”

“రాయి. నాయనను తిట్టుకుంటావో, నిన్ను నువ్వు తిట్టుకుంటావో నీ ఇష్టం. బొక్కలు మటుకు ఎన్నో రాయి. ఇరవై నాలుగు. నా మాట మీద రాయాకు, ఎంచి రాయి” అని డబ్బాను నా చేతికిచ్చింది.

శీనూ, నువ్వు అడిగిన పేజీలు ఇవే. అచ్చు వేస్తే ఒక్క అక్షరం తియ్యకుండా వెయ్యి. ఫోటో కింద చేసినవాళ్ళ పేరు సరిగ్గా రాయి. డబ్బా నా బల్ల మీద ఉంది. రెండుసార్లు ఎంచాను. ఇరవై నాలుగు.